పడుకోబెట్టిన బండలు

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా వదిన జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి అన్న చేతికిచ్చింది. అప్పుడే నేను గడియారానికి చావి తిప్పుతున్నాను కనుక సమయం నాకు కచ్చితంగా తెలుసు. అన్న మూట అందుకున్నాడు. గడప దగ్గర ఆగి దగ్గాడు. దగ్గు తగ్గాక పోయివస్తానన్నాడు. ఆ దగ్గు వదినకు చాలా రోజులుగా నచ్చడం లేదు.

మా అన్న తాండూరు స్టేషన్ మాల్‌గోదాంలో, అంటే సరుకుల షెడ్డులో, బండలెక్కించే జట్టుకు మేస్త్రీ. మా ఊరి చుట్టూ ఉన్న గనుల్లో నాపరాయి పొరలుపొరలుగా దొరుకుతుంది. దాన్ని పలకలుగా తీసి, అంచులు చెక్కి, రైలు డబ్బాల్లో దూరపు ఊళ్లకు పంపుతారు. అన్న మొదట గనిలోనే పనిచేశాడు. సుత్తీ ఉలీ పట్టుకుని పన్నెండేళ్లు ఆ దుమ్ములో ఉన్నాడు. ఊపిరి ఆడడం కష్టమయ్యాక గని వదిలి ఎక్కింపు పనికి మారాడు.

అమ్మా నాన్నా పోయిన ఇంట్లో నన్ను చదివించింది ఆయనే. పోలీసు చర్య జరిగిన ఏడు బడి మూతపడింది. అప్పుడు నన్ను కూడా గనికి పంపమని చుట్టాలంతా చెప్పారు. అన్న ఒప్పుకోలేదు. “ఇంట్ల ఒక్కని ఛాతి ఖరాబైతే చాలు,” అన్నాడు. బడి తెరిచాక మళ్లీ పంపాడు. మెట్రిక్ పాసై నేను ఒక గని యజమాని దగ్గర గుమాస్తాగా చేరాను. రైల్వేవాళ్లకు ఇవ్వవలసిన కాగితాలు ఇంగ్లీషులో రాయడం నా పని. నా బల్ల కిటికీలోంచి మాల్‌గోదాం కనిపించేది. అన్నను రోజంతా చూడగలిగేవాణ్ని.

యాభైల చివర్లో, పడమటి తీరాన ఉన్న ఒక పెద్ద రేవు తన గోదాములను, సరుకు దించే ఆవరణలను పెంచడం మొదలుపెట్టింది. నేల మీద పరచడానికి మా రాయి కావాలన్నారు. ఆ రేవు పేరు ఇక్కడ అనవసరం. మా ఊళ్లో ఎవరూ పేరుతో అనేవారు కాదు. రేవు అంటే అదే. జట్టులో ముప్ఫై మంది దాకా ఉండేవారు, ఒక్కరు కూడా సముద్రం చూడలేదు. అయినా రెండేళ్లలో రేవు వాళ్ల తిండి అయింది. కరువులో గొర్రెలు పోగొట్టుకుని కుల్కచర్ల వైపు నుంచి వచ్చిన కురుమవాళ్లు ఆ జట్టులో ఉన్నారు. ఇంట్లో కన్నడం, పనిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు రెండో మూడో ఉన్నాయి. అందరికన్నా పెద్దవాడు ఒక ముసలి ముస్లిం హమాలీ. ఆయన్ని అందరూ చాచా అనేవారు.

బండలు ఎక్కించడానికి మా జట్టుకు ఒక పద్ధతి ఉండేది. బండను ఎప్పుడూ పడుకోబెట్టరు. అంచు మీద నిలబెడతారు, అంచు ఇంజను దిక్కుకు ఉండేలా. రెండు బండల మధ్య జొన్నచొప్ప పెడతారు. వరుస నిండాక చివర చెక్కముక్క దిగ్గొట్టి బిగిస్తారు. దారిలో డబ్బాలు ఒకదానికొకటి గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ బండ అంచు మీదుగా పోతుంది. నాపరాయి అంచు మీద ఎంత దెబ్బైనా ఓర్చుకుంటుంది. పడుకోబెట్టి పేరిస్తే కింది బండ మీద పై బండల బరువంతా పడుతుంది, ఒక్క కుదుపుకు నడుమ విరుగుతుంది. ఈ సంగతి మా ఊళ్లో ఎవరూ ఎవరికీ పాఠంలా చెప్పలేదు. పనిలో చేరిన మొదటి రోజు బండ పడుకోబెట్టినవాణ్ని చూసి అందరూ నవ్వేవారు. రెండో రోజు అతనే నిలబెట్టేవాడు.

“నిద్రొస్తున్నదా అన్నా నీ బండకు? పండవెట్టినవ్, దుప్పటి గూడ కప్పు,” అనేది ఒక కురుమామె. ఆమె నోటికి జట్టులో మగవాళ్లు జంకేవారు.

చాచా అందుకునేవాడు. “జోల పాడరాదుర. పొద్దంత పనిజేసి అలిసిపోయింది పాపం.”

అన్న నవ్వేవాడు. తప్పుగా పెట్టిన బండ దగ్గరికి పోయి తానే లేపి నిలబెట్టేవాడు.

మూడో ఏడు రేవు తరఫున ఒక ఏజెంటు వచ్చి మా ఊళ్లో మకాం పెట్టాడు. నలభై ఏళ్లుంటాయి. తెల్లటి బట్టలు, చేతిలో ఎప్పుడూ తడి రుమాలు. హిందీలో మాట్లాడేవాడు, గుమాస్తానైన నన్ను మున్షీ అని పిలిచేవాడు. నేను అతని మాటలు తెలుగులో రాస్తున్నాను. అతని తొందర అబద్ధం కాదు. ఆ ఏడు రేవులో ఓడలు తగ్గిన నెలలు నడుస్తున్నాయి. మళ్లీ ఓడలు వచ్చేలోగా నేలలు పరచడం పూర్తికావాలి. లేకపోతే దిగిన సరుకు మట్టిలో పెట్టాలి. మా జట్టు ఒక డబ్బాకు దాదాపు ఒక పూట తీసుకునేది. అతను అందులో సగం సమయం చాలు అనేవాడు.

“మీ అన్న బండల్ని పెళ్లికూతుళ్లను పల్లకీ ఎక్కించినట్టు ఎక్కిస్తున్నాడు,” అన్నాడు నాతో ఒకరోజు. “పని సాగితే కూలీ సాగుతుందని.”

ఆ మాట అన్నకు చెప్పాను. అన్నకు కోపం రాలేదు. కాసేపు ఆలోచించి, తానే అతని దగ్గరికి పోయాడు. ఒకరి మాట ఇంకొకరి భాషలో చెప్పడానికి నేను వెంట ఉన్నాను.

“సాబ్, పనిల పద్ధతి తక్కువ చెయ్యలేం,” అన్నాడు అన్న. “మనుషులను ఎక్కువ చేస్తం. మోమిన్‌పేట కాడ, దౌల్తాబాద్ కాడ పని లేని మంది మస్తున్నరు. ఇంకొక జట్టు తెస్త. రెండు డబ్బాలు ఒక్కసారి నింపుతం. మీ తొందర తీరుతది, మా మందికి ఇంత పని దొరుకుతది.”

ఏజెంటు లెక్కవేసుకున్నట్టు కాసేపు డబ్బాల వైపు చూశాడు. సరే అన్నాడు. అన్న మళ్లీ అడిగాడు, ఈ మాట నిలబడుతుందా అని. “రేవుకు మీ రాయి వచ్చినన్నాళ్లూ ఎక్కింపు మీ ఊరివాళ్లదే,” అన్నాడు ఏజెంటు. నేనే ఆ మాటను తెలుగులో చెప్పాను, ఒక్క అక్షరం పోకుండా. అన్న చేతులు జోడించాడు.

వారం రోజులు తిరిగి అన్న మనుషులను తెచ్చాడు. వాళ్లు గిన్నెలు, పిల్లలు, చాపలతో వచ్చి స్టేషను వెనక దిగారు. వాళ్లకు పని నేర్పుతూ అన్న బండలు ఎత్తాడు, మేస్త్రీ ఎత్తనక్కరలేకపోయినా.

నేను మొదట చెప్పిన ఉదయం ఆ పని మొదలైన పదో రోజు. పదకొండు గంటలప్పుడు అన్న ఒక బండను లేపుతూ దగ్గాడు. దగ్గు ఆగలేదు. బండ వదలకుండానే మోకాళ్ల మీద కూర్చున్నాడు. నోటి నుంచి రక్తం పడింది. కురుమామె బండ పట్టుకుంది, చాచా అన్నను పట్టుకున్నాడు. నేను కిటికీలోంచి చూసి పరుగెత్తాను.

ఏజెంటు కూడా వచ్చాడు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అన్న వైపు ఒకసారి, బండ వైపు ఒకసారి చూశాడు.

“మున్షీ, ఆ బండ కడిగించు,” అన్నాడు నాతో. “మరకతో రేవుకు పంపొద్దు.”

నేను నీళ్లు తెచ్చి కడిగాను. ఇంకెవరికైనా చెప్పవచ్చు, కానీ అది అన్న రక్తం. చేత్తోనే రుద్దాను. నాపరాయి మరకను తొందరగా వదలదు. నేను కడుగుతుండగానే, నిలబడి, అందరూ వినేటట్టు అతను రెండో మాట చెప్పాడు. రేపటి బండికి రేవు హమాలీలు దిగుతున్నారు, ఇక్కడి జట్లకు ఇక పని లేదు. ఓడలు తగ్గిన కాలంలో అక్కడి కూలీలు ఖాళీగా ఉన్నారు, వాళ్లకు ఎక్కడో ఒకచోట పని చూపకపోతే రేవులో గొడవ అవుతుంది, పైవాళ్ల నిర్ణయం ఇది. రేపటి బండికి దిగాలంటే ఆ హమాలీలు అప్పటికే బయలుదేరి ఉండాలి, దానికి రెండు వారాల ముందే ఉత్తరాలు నడిచి ఉండాలి. అంటే అన్న ఊరూరా తిరిగి మనుషులను తెస్తున్నప్పుడే ఈ ఏర్పాటు జరిగిపోయింది.

కొత్తగా వచ్చినవాళ్లు అన్న ముఖం వైపు చూశారు. వాళ్లను పిలిచింది ఆయనే. ఆయన చాచా భుజం మీద తల పెట్టి ఊపిరి తీసుకుంటున్నాడు.

బండ కడుగుతూ నేను నిశ్చయించుకున్నాను, ఈ మనిషికి నేను చేతనైనంత చెరుపు చేస్తానని. ఆవేశం వల్ల కాదు. ఆ నిశ్చయం మరునాడూ ఉంది, ఆ నెలంతా ఉంది. ఇప్పటికీ చాలావరకు ఉంది.

అన్నను వికారాబాద్ దగ్గర గుట్ట మీది దవాఖానలో చేర్చాం. చుట్టూ అడవి, మంచి గాలి. వదిన దగ్గరుండి చూసుకుంది. నేను ఆదివారం ఆదివారం పాసింజరులో వెళ్లేవాణ్ని. వికారాబాద్‌లో దిగి, గ్రంథాలయంలో పుస్తకం మార్చుకుని, గుట్టకు నడిచేవాణ్ని. ఆ నెలల్లో చాలా చదివాను. పగ తీర్చుకున్నవాళ్ల కథలు వెతికి మరీ చదివాను. వాటిలో చివరికి ఎవరో ఒకరు పశ్చాత్తాపపడతారు. ఆ పేజీలు వదిలేసేవాణ్ని.

రేవు హమాలీలు పాతిక మంది. బలమైనవాళ్లు, చెడ్డవాళ్లు కారు. మా ఊరి నీళ్లు పడక రెండు రోజులు బాధపడ్డారు. చాచా వాళ్లకు మజ్జిగ తెచ్చిపెట్టాడు. వాళ్లు పుట్టినప్పటి నుంచి బస్తాలు, దూది బేళ్లు మోసినవాళ్లు. గోదాములో బస్తాను ఎలా పేరుస్తారో బండనూ అలాగే పేర్చారు. ఒకదాని మీద ఒకటి, చదునుగా, మూలలు కలిపి. చూడటానికి చక్కగా ఉండేది. రెండు గంటల్లో డబ్బా నిండేది. ఏజెంటు గడియారం చూసుకుని నా కిటికీ వైపు తిరిగి నవ్వేవాడు.

పని లేని మా జట్టువాళ్లు కంచె అవతల కూర్చుని చూసేవారు.

“చాచా, మొత్తం డబ్బనే పండవెట్టిండ్రు,” అంది కురుమామె.

“లేపకు బిడ్డా. దారిల వాడి జంక్షన్‌ల డబ్బాలు కలిపెటప్పుడు ఇంజను గుద్దుతది. అప్పుడవే లేస్తయ్, ముక్కలు ముక్కలుగ.”

అందరూ నవ్వారు. నేను కిటికీలోంచి నవ్వాను. అయినా వాళ్లు వెళ్లిపోలేదు. రోజూ వచ్చి కంచె దగ్గర కూర్చునేవారు. పని మళ్లీ పిలుస్తుందేమోనని ఎదురుచూసేవారు.

మొదటి డబ్బాలు చేరాక రేవు నుంచి చీటీ వచ్చింది, కొన్ని బండలు విరిగి ఉన్నాయని. కొన్నే. ఏజెంటు దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఆ ఆదివారం ఈ సంగతి అన్నకు చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

“పండవెడుతున్నరా?”

“అవ్ అన్నా. బస్తాల తీర్గ.”

“నువ్వు చెప్పలేదా?”

“నేనెందుకు చెప్పాలె? మనల ఎల్లగొట్టిండు. నీ నెత్తురు చూసి ఏమన్నడో యాదికి లేదా?”

“యాదికున్నది.” ఊపిరి కోసం ఆగాడు. “తమ్మీ, ఇను. రాయి పలిగితే గా ఏజెంటు పేరు పోదు. తాండూరు రాయి మంచిది గాదు అంటరు. ఒక్కసారి గా మాట పడితే రేవోళ్లు ఇంకొక దిక్కు పోతరు. జట్టుకు ఇయ్యాల పని లేదు, రేపన్న దొరుకుతదని కూసున్నరు. గా రేపు గూడ పోతది. పోయి చెప్పు. నిలవెట్టుమను. అంచు ఇంజను దిక్కు, నడుమ చొప్ప. నేను చెప్పిన్నని చెప్పు.”

“వానికి మనం నేర్పాల్నా?”

“వానికి గాదు. మన మంది కోసం.”

చెబుతానన్నాను. వదిన పక్కనే ఉంది. నేను చెబుతాననడం ఆమె విన్నది.

మరునాడు ఏజెంటే నా బల్ల దగ్గరికి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అదివరకు ఎప్పుడూ కూర్చోలేదు. పెద్ద బండి పోబోతున్నది, పది డబ్బాలకు పైగా, రేవులో ముఖ్యమైన ఆవరణకు.

“మున్షీ, నువ్వు చదువుకున్నవాడివి, నిజం చెప్పు,” అన్నాడు. “మీ అన్న బండలు నిలబెట్టేవాడు. అది అవసరమా, లేక పని సాగదీయడానికా? అవసరమైతే చెప్పు. నా దగ్గర దాపరికం లేదు. సగం డబ్బాలు మీ జట్టుకు ఇచ్చేస్తాను. రేవువాళ్లు సగం, మీవాళ్లు సగం. మీవాళ్లు మావాళ్లకు చూపిస్తారు. పైవాళ్లకు నేను రాసుకుంటాను.”

అన్న కోరినదానికన్నా ఎక్కువ అది. కంచె అవతల మావాళ్లు కూర్చుని ఉన్నారు. చాచా గొడుగు నీడలో బీడీ తాగుతున్నాడు. నా నోటి నుంచి ఒక్క మాట వస్తే మరునాడు వాళ్లు ఇవతల ఉండేవారు.

నాకు అదంతా కనిపించింది. కనిపించలేదని చెప్పుకోను. అయితే అతని చేతిలో ఆ తడి రుమాలు ఉంది, దాన్ని చూస్తున్నాను. ఇతను అడిగినప్పుడు మేం ఇవ్వాలి, ఇతను ఇచ్చినప్పుడు మేం తీసుకోవాలి. సగం ఇచ్చి ఇతను మంచివాడవుతాడు. అన్నకిచ్చి తప్పిన మాట, బండ కడిగించమని నాతో చెప్పిన మాట రెండూ కొట్టుకుపోతాయి. అది నేను భరించలేకపోయాను.

“అవసరం లేదు సాబ్,” అన్నాను. “అది మా అన్న అలవాటు. గని నుంచి వచ్చిన పాతకాలపు మనిషి. పడుకోబెట్టినా ఏమీ కాదు. మొదటి డబ్బాల్లో విరిగినవి పొర పలచనివై ఉంటాయి.”

అతను నా కళ్లలోకి చూశాడు. మేస్త్రీ తమ్ముడే చెబుతున్నప్పుడు నమ్మక ఏం చేస్తాడు? కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ఆ వారమంతా డబ్బాలు పడుకోబెట్టిన బండలతో నిండాయి. కాగితాలు నేనే రాశాను. చేతిరాత చక్కగా వచ్చింది.

ఆదివారం అన్న అడిగాడు, “చెప్పినవా?”

“చెప్పిన.”

“ఏమన్నడు?”

“సరే అన్నడు. నిలవెడుతున్నరు.”

అన్న వెనక్కి వాలాడు. చాలా రోజుల తరువాత ఆ రోజు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. వదిన నాకూ పెట్టింది. తిన్నాను.

ఆ బండి రేవు చేరేసరికి సగానికి సగం బండలు ముక్కలై ఉన్నాయట. రేవు ఇంజనీర్లు ముక్కలు చూశారు. ఎక్కింపు సంగతి వాళ్లు అడగలేదు. రాయి పెళుసుగా ఉందని, తాండూరు రాయి రేవు బరువులకు పనికిరాదని రాశారు. ఆవరణలకు సిమెంటు వేస్తామని, మిగిలిన గోదాములకు వేరే ప్రాంతపు రాయి తెప్పిస్తామని తేల్చారు. ఏజెంటును వెనక్కి పిలిచారు. అతను పెట్టె సర్దుకుని బండి ఎక్కుతుంటే నేను ప్లాట్‌ఫారం మీద కావాలని నిలబడ్డాను. అతని ముఖం వాడిపోయి ఉంది. అది చూసి కడుపు నిండింది. అంత తృప్తి అంతకు ముందూ లేదు, ఆ తరువాతా లేదు. అబద్ధం ఎందుకు రాయాలి?

రేవు హమాలీలు అదే బండిలో పోయారు. వాళ్లలో ఒకడు చాచాను కౌగలించుకున్నాడు.

ఆ ఆదివారం ఇంటి పైకప్పు బాగుచేయించే పని పడి నేను వికారాబాద్ పోలేదు. నాకన్నా ముందు చాచా పోయాడు, అన్నను చూసిరావడానికి. రాయి పలిగిందని, రేవువాళ్లు వద్దన్నారని ఆయనే చెప్పాడు. ఎక్కించిన పద్ధతి గురించి చాచా చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకుని ఉంటాడు. అన్నకు తెలిసింది వేరు. నేను చెప్పింది.

తరువాతి ఆదివారం వెళ్లేసరికి అన్న గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడు విని తిరిగాడు.

“నిలవెట్టినా పలిగినయా తమ్మీ?”

నేను చేతిలోని గ్రంథాలయం పుస్తకం మంచం పక్కన పెట్టాను.

“అంచు ఇంజను దిక్కే పెట్టిండ్రా? నువ్వు కండ్లార జూసినవా?”

“చూసిన,” అన్నాను.

“మరెట్ల పలిగినయ్?” ఆయన నన్ను అడగలేదు, తనను తానే అడుక్కున్నాడు. “ఇన్నేండ్లు జట్టుకు తప్పు చెప్పిన్ననా? గా ఏజెంటు చెప్పిందే నిజమా? ఊకెనే పని సాగదీసిన్ననా?”

“అట్లేం గాదు అన్నా.”

“మరి?”

మరి అనే ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. అది చెబితే ఆయన పని తప్పు కాదని తెలుస్తుంది. తమ్ముడు ఏం చేశాడో కూడా తెలుస్తుంది. జట్టు పని పోయింది ఏజెంటు వల్ల కాదు, తాను ఛాతీ పోగొట్టుకుని చదివించినవాడి వల్ల అని తెలుస్తుంది. ఏది ఆయనకు తక్కువ బాధో తేల్చుకోలేకపోయానని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి నేను నా గురించే ఆలోచించాను.

అన్న మరి పన్నెండు రోజులు బతికాడు. ఆ రోజుల్లో జట్టువాళ్లెవరూ గుట్టకు రాలేదు; మంచం దగ్గరికొచ్చిన దవాఖానవాళ్లందరినీ అదే అడిగాడట, నిలబెట్టిన బండ ఎట్లా పలుగుతుందని. దవాఖానలో ఊడ్చే మనిషిని కూడా అడిగాడని వదిన చెప్పింది.

అంత్యక్రియలకు జట్టంతా వచ్చింది. అప్పటికే సగం మంది ఊళ్లు పట్టారు. మోమిన్‌పేట, దౌల్తాబాద్ వాళ్లు తిరిగి పోయారు. కురుమామె కుటుంబం పని వెతుక్కుంటూ బొంబాయి బండి ఎక్కింది. చాచా కొన్నాళ్లు స్టేషను బయట తోపుడుబండి మీద జామకాయలు అమ్మాడు.

అరవైల చివర్లో ఒక పగటివేళ వికారాబాద్ స్టేషనులో ఆ ఏజెంటు కనబడ్డాడు. జుట్టు నెరిసింది, మనిషి బాగున్నాడు. తానే నన్ను పోల్చుకుని దగ్గరికి వచ్చాడు.

“మున్షీ! మీ అన్న ఎలా ఉన్నాడు?”

పోయాడని చెప్పాను. అతను నొచ్చుకున్నాడు. ఆ నొచ్చుకోవడం నిజమైనదే, నాకు తేడా తెలుసు. తనను ఉద్యోగంలోంచి తీయలేదని, వేరే రాతి ప్రాంతానికి మార్చారని, అక్కడ ఇప్పుడు తాను పెద్ద అధికారినని చెప్పాడు. రేవుకు ఏటా ఎన్నో డబ్బాలు పంపుతున్నారట.

“అక్కడ బండలు నిలబెట్టే ఎక్కిస్తాం. అంచు ఇంజను వైపు. మీ అన్న దగ్గర చూసిందే,” అన్నాడు.

“ఆ రోజు నేను మీకు అబద్ధం చెప్పాను,” అన్నాను. అతని ముఖం మళ్లీ వాడిపోవడం చూడాలని చెప్పాను, మనసు తేలిక చేసుకోవడానికి కాదు.

అతను తల ఊపాడు. “తెలుసు. రేవులో ముక్కలు చూసిన రోజే తెలిసింది. పైవాళ్లకు నీ పేరు రాయవచ్చు. రాయలేదు. నీ జాగాలో నేనున్నా అదే చేసేవాణ్నేమో.”

అతని బండి వచ్చింది. ఎక్కుతూ చేయి ఊపాడు. నేను ఊపలేదు. మాట తప్పాడు, అన్న రక్తాన్ని మరక అన్నాడు, అన్న పద్ధతిని తీసుకుపోయి ఇంకొక ఊరికి అన్నం పెట్టాడు, చివరికి నన్ను క్షమించాడు కూడా. నన్ను క్షమించే హక్కు అతనికి ఎవరిచ్చారు? మిగిలిన మూడింటికన్నా దీనికే అతని మీద నాకు ఎక్కువ కోపం.

ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి వదినకు అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చాట కింద పెట్టలేదు.

“నాకెర్కనే,” అంది. “చాచా చెప్పిండు, సావు కాడ, ఒక్క బండ గూడ నిలవెట్టలేదని.”

“మరి నన్నెందుకు అడగలేదు?”

“ఏమని అడగాలె? ఆయన పోయిండు. ఆయన అడిగిననాడు నువ్వు చెప్పకపోతివి. ఇంక నాకు చెప్పి ఏం లాభం? జట్టుల ఉన్నోళ్లకు చెప్పుపో, ఉంటే.”

నేను మర్నాడు మాల్‌గోదాం దాకా పోయాను. చెప్పడానికి జట్టువాళ్లెవరూ లేరు. కంచె పక్క గడ్డి మోకాలెత్తు పెరిగింది. గనులు నడుస్తున్నాయి. బండలు లారీల్లో హైదరాబాదుకు, షోలాపురానికి పోతున్నాయి, ఇళ్ల నేలలకు. లారీలు నింపేవాళ్లు లారీతోపాటే వస్తారు, లారీతోపాటే పోతారు. తాండూరు నుంచి రేవుకు బండలు ఎక్కించడం లేదు.